రెండు వేల ఒక్క జనరేటర్లు

నాకు జీవితంలో పెద్ద కోరికలేమీ లేవు. ఒక్క కాగితం కావాలి. ఆగస్టు పదిహేనున జిల్లా పరేడ్ గ్రౌండులో, షామియానా కింద, మైకులో మన పేరు తప్పుగా పలికి మరీ ఇస్తారే, ఆ ప్రశంసాపత్రం. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నాకది రాలేదు. మా బావమరిది పశువుల ఆసుపత్రిలో అటెండరు. వాడికి రెండొచ్చాయి. రెండింటినీ హాల్లో పక్కపక్కన తగిలించి పైన ట్యూబులైటు బిగించాడు. మేం వెళ్లినప్పుడల్లా పట్టపగలైనా సరే ఆ లైటు వేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు బండి వెనకాల కూర్చున్న మా ఆవిడ సుభాషిణి ఒక్క మాటా అనదు. ఆ అనకపోవడమే నా ఒళ్లు మండిస్తుంది.

నా పేరు వాసంశెట్టి భాస్కరం. రామలంక ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని, గ్రేడు రెండు. వచ్చినవాళ్ల రక్తం, మూత్రం, కఫం పరీక్ష చేసి కాగితం మీద అంకెలు వెయ్యడం నా పని. మా ఆసుపత్రికి ముప్పై పడకలు, ఒక డాక్టరమ్మ, ఒక డీజిల్ జనరేటరు. ఇప్పుడు చెప్పబోయే తెలివితక్కువ పనులన్నిటికీ మొదలు నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే చదువుతూ చదువుతూ మీరు వేరేవాళ్లని తిట్టుకుంటారు, నాకు రావాల్సింది నాకు రాదు.

మే నెల చివర్లో పైనుంచి నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. వాటిలో కాగితం పట్టీలు, రెండు వేలు. గర్భిణుల మూత్రంలో ప్రోటీను, చక్కెర చూసే పట్టీలు. ఇలాంటివి మా దగ్గర ఎప్పుడూ ఉండేవే, కానీ వీటిలో ఒక విశేషం ఉంది. బ్యాటరీ లేదు. ఒక్క చుక్క మూత్రం పడితే లోపలున్న రెండు రేకుల మధ్య పిసరంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతోనే పట్టీ మీద బుల్లి అద్దంలో అంకె వెలుగుతుంది. రెండు నిమిషాలయ్యాక ఆరిపోతుంది, పారేయడమే. వీటితో పాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. పాతరకం పట్టీలు మిగిలి ఉంటే వెంటనే వెనక్కి పంపెయ్యండి అని. పంపేశాం.

పెట్టెలు దించగానే మా సీనియర్ అసిస్టెంటు గంటి మార్కండేయులుగారు స్టాకు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చారు. ఆ రిజిస్టరు సంగతి కొంచెం చెప్పాలి. దాన్ని ఏ మహానుభావుడో ఏనాడో గీసి పెట్టాడు. అందులో ఐదే ఐదు శీర్షికలు: మందులు, దూది గుడ్డలు, గాజు సామాను, జనరేటర్లు, ఇతరములు. 'ఇతరములు' పేజీలు నిండిపోయి నాలుగేళ్లయింది. కొత్త పేజీలు కుట్టుకోడానికి అనుమతి కోరుతూ రాసిన ఉత్తరం, ఏ శీర్షిక కింద పెట్టాలో తెలియక జిల్లా ఆఫీసులో ఆగిపోయింది. అప్పటినుంచి మార్కండేయులుగారు ఏది వచ్చినా మిగిలిన నాలుగింట్లోనే సర్దుతున్నారు. మెత్త ఉన్న కుర్చీలు దూదిలోకి వెళ్లాయి. బరువు తూచే యంత్రానికి ముందు అద్దం ఉంది కాబట్టి గాజు సామాన్లోకి వెళ్లింది.

"భాస్కరంగారూ, ఇయ్యి ఎందులో రాయమంటారండి?" అన్నారాయన.

"మందుల్లో రాసెయ్యండి."

"మింగేది కాదు కదండీ, మందెలాగవుద్ది? గాజా? కాదు. దూదా? కాదు."

అక్కడ నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ పెట్టెలోని కరపత్రం నేను రెండుసార్లు చదివాను. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. బ్యాటరీ లేని వైనం, రేకుల వైనం, కరెంటు పుట్టే వైనం అంతా వివరించాను.

"అయితే కరెంటు పుట్టిద్దన్నమాట," అన్నారు మార్కండేయులుగారు.

"పుడుతుంది. దోమకి కూడా షాకు కొట్టనంత."

"ఎంతైతే మనకేటండీ. కరెంటు పుట్టించేదాన్ని జనరేటరు అనే అంటారు."

రాసేశారు. జనరేటర్లు: పాత నిల్వ ఒకటి, కొత్తగా వచ్చినవి రెండు వేలు, మొత్తం రెండు వేల ఒకటి. నేను పడీపడీ నవ్వాను. నవ్వి ఊరుకున్నా సరిపోయేది. ఆ సాయంత్రం ప్రశంసాపత్రాలకి పేర్లు పంపమని సర్క్యులర్ వచ్చింది. "మీరు సాధించిన వినూత్న కృషి" అని ఒక గడి ఉంది. నా వినూత్న కృషి ఏమిటా అని గంటసేపు తల గోక్కుని, చివరికి ఇలా రాశాను: "మా ఆసుపత్రియందు రెండు వేల స్వయం విద్యుదుత్పత్తి పరికరములను ప్రవేశపెట్టుట జరిగినది." అబద్ధం ఒక్క ముక్క లేదు. రిజిస్టరు పేజీ నకలు కూడా జతచేశాను.

వారం తిరక్కుండా వీడియో సమావేశానికి పిలుపు వచ్చింది. తెర మీద జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి చక్రధరరావుగారు. ఆయన మాట్లాడితే అచ్చులో చూసినట్టే ఉంటుంది.

"రామలంక వారికి అభినందనలు. రోగిని భారంగా పరిగణించే దృక్పథం నుండి, రోగిని వనరుగా పరిగణించే దృక్పథానికి యంత్రాంగం పరివర్తన చెందవలసిన తరుణం ఆసన్నమైనది. ఇంతకీ మీ స్థాపిత సామర్థ్యం ఎంత?"

"రెండు వేలండీ," అన్నాను.

"రెండు వేలు!" అని ఆయన రాసుకున్నారు. రెండు వేలు ఏమిటని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"ఇంధనం?"

"మూత్రమండీ."

తెర మీద ఆయన రాసుకున్నది ఒకసారి కొట్టేసి మళ్లీ రాశారు. "మనం దానిని 'స్వకీయ ద్రవ ఇంధనం' అని వ్యవహరిద్దాం," అన్నారు చక్రధరరావుగారు.

పక్కన కూర్చున్న మా డాక్టరమ్మ హైమావతిగారు నా మోచెయ్యి గిల్లారు. "ఏంటండీ భాస్కరంగారూ ఈ మాటలు? అవి పరీక్ష పట్టీలని చెప్పండి."

"ఉండండి మేడం, మన ఆసుపత్రికి పేరొస్తోంది," అని గుసగుసలాడాను. ఎవరి పేరో ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు.

జూన్ మొదటి వారంలో కరెంటాఫీసు నుంచి ఇంజనీరు దాట్ల సోమరాజుగారు వచ్చారు. మంచి మనిషి, మర్యాదస్తుడు. పట్టీని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకి పెట్టి చూశారు.

"ఇది కాగితమండి," అన్నాను, ఇక ఆపుదామని మొదటిసారి అనిపించి.

"చూడండి, మాకు జనరేటరంటే జనరేటరే. చిన్నదా పెద్దదా అన్నది మీ బాధ. ప్రతి జనరేటరుకీ నంబరు పలక ఉండాలి, ఎర్తింగు ఉండాలి. నడిపే మనిషికి రబ్బరు తొడుగులు, కింద రబ్బరు చాప. ఇంధనం నిల్వ ఉండే చోట ప్రమాద సూచిక."

"ఇంధనం నిల్వ ఉండేది గర్భిణీల దగ్గరండీ."

ఆయన ప్రసూతి వార్డులోకి ఒకసారి తొంగిచూశారు. "మనుషులకి బోర్డు కట్టకూడదు లెండి. బాత్రూములకి కట్టించండి."

మర్నాటికి రెండు బాత్రూముల తలుపుల మీద పుర్రె, దాని కింద రెండు ఎముకలు, 'అపాయం' అన్న ఎర్ర అక్షరాలు వెలిశాయి. పొత్తికడుపు పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన తలుపు ముందు నిలబడి బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఇదేటండీ బాబూ, ఒంటేలుకెళ్తే సచ్చిపోతారా?" అని కాలవగట్టుకి నడిచాడు. అప్పటినుంచి ఆసుపత్రికొచ్చినవాళ్లంతా కాలవగట్టుకే.

సోమరాజుగారు వెళ్తూ వెళ్తూ నాలుగు పెట్టెలకీ కరెంటు మీటరుకి వేసినట్టు సీసపు సీళ్లు వేశారు. పైనుంచి తనిఖీ అధికారి వచ్చి ఒక్కో జనరేటరునీ విడివిడిగా చూసి ధ్రువపత్రం ఇచ్చేదాకా వాడకూడదట. ఆ అధికారి మా వైపు వచ్చేది నెలకొక్క మంగళవారం. రోజుకి ఆరు చూస్తారు. రెండు వేలకి ఎంతకాలం పడుతుందో నేను లెక్కవేసి, నా రిటైర్మెంటు తేదీతో పోల్చుకుని, కాగితం చింపేశాను.

అప్పుడైనా రిజిస్టరు దిద్దించుకోవచ్చు. మార్కండేయులుగారి దగ్గరికి వెళ్లి బతిమాలాను. "కొట్టివేతలు ఉండకూడదండి," అన్నారాయన. "రాసింది రాసిందే. పోనీ అయ్యి అరిగిపోయాయని రాద్దామా?" వాడకుండా ఎలా అరుగుతాయని అడిగితే, ఆయన నిజంగానే బాధపడ్డారు.

ఇక ఉత్తరాలు దిగాయి. జనరేటర్లున్న ఆసుపత్రికి కరెంటు కోతనుంచి మినహాయింపు ఎందుకని దాన్ని తీసేశారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాకు కోత. పోనీ మా డీజిల్ జనరేటరు ఉంది కదా అనుకుంటే, "తమ వద్ద గల రెండు వేల ఒకటిలో ఒకటి మిగులుగా గుర్తించడమైనది" అంటూ లారీ పంపి దాన్ని పరేడ్ గ్రౌండుకి పట్టుకుపోయారు. పంద్రాగస్టు ఏర్పాట్లకట. మా ప్రసూతి వార్డులో ఆయమ్మలు విసనకర్రలు పట్టుకున్నారు.

రోజూ సాయంత్రం ఉత్పత్తి నివేదిక పంపాలి. నేను రోజూ "శూన్యం" అని రాశాను. పది శూన్యాలయ్యాక చక్రధరరావుగారి తాఖీదు: "ఉత్పత్తి కుంటుపడుటకు ఇంధన కొరతయే కారణమని ఈ కార్యాలయం భావించుచున్నది. ఇంధన లభ్యతను ఇతోధికముగా పెంపొందించు నిమిత్తము రోగులకు, వారి సహాయకులకు మజ్జిగ సరఫరా చేయవలెను." రెండు డ్రమ్ముల మజ్జిగ వచ్చింది. ఉప్పు, కరివేపాకు వేసి బాగానే చేశారు, అది ఒప్పుకోవాలి. జనం సుబ్బరంగా రెండేసి గ్లాసులు తాగి, బాత్రూము దాకా వెళ్లి, పుర్రెని చూసి, కాలవగట్టుకి పరిగెత్తేవారు. నేను కిటికీలోంచి చూస్తూ, ఇంకో ఆరు వారాలు ఓపిక పడితే ఆగస్టు వచ్చేస్తుందనుకునేవాణ్ణి. అంత సిగ్గులేని మనిషిని.

నాగవేణి జూలై రెండో వారంలో వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఎనిమిదో నెల. అత్తగారు మరిడమ్మ ఆటోలోంచి ఆ పిల్లని నడుం పట్టుకుని దింపింది. మధ్యాహ్నం రెండుంపావు, కరెంటు అప్పుడే పోయింది.

"కాళ్లు సూడండి డాక్టరమ్మా, నొక్కితే గుంటడిపోతంది. పొద్దుట్నించి తల పగిలిపోతందంటంది. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయంట," అంది మరిడమ్మ.

హైమావతిగారు బీపీ చూశారు. మళ్లీ చూశారు. నన్ను వరండాలోకి పిలిచారు.

"గుర్రపువాతం లక్షణాల్లా ఉన్నాయి భాస్కరంగారూ. ఫిట్స్ వచ్చాయంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. మూత్రంలో ప్రోటీను ఎంతుందో నాకు ఇప్పుడే కావాలి. అది తెలిస్తే ఇక్కడే సూది వేసి పెద్దాసుపత్రికి పంపేస్తాను. ఫోనులో అంబులెన్సు ఫారం చూడండి, ప్రోటీను గడి నిండకపోతే ముందుకి కదలట్లేదు."

"ఏదో ఒక అంకె వేసేద్దాం మేడం."

ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "అంకె వేస్తే అంబులెన్సు వస్తుంది. మరి సూది? అది ఊరికే గుచ్చేసే మందు కాదు. మీ అంకెని నమ్మి వెయ్యాలి నేను."

సోమరాజుగారికి ఫోను చేశాను.

"సీలు తియ్యాలంటే లైన్ క్లియరు కావాలండి, అంటే ముట్టుకోవచ్చని మా ఆఫీసు ఇచ్చే అనుమతి," అన్నారాయన. "మీరు లిఖితపూర్వకంగా అడగాలి, మేము పరిశీలించాలి. లైన్ క్లియరు లేకుండా ముట్టుకుంటే జరిగే ప్రమాదానికి మీదే పూచీ."

"ఏం ప్రమాదం జరుగుతుందండీ?"

"అది జరిగాక గానీ చెప్పలేం."

కత్తెర తీసుకుని పెట్టె దగ్గర కూర్చున్నాను. సీసపు సీలుకి ఉన్న తీగ సన్నది, ఒక్క నొక్కుకి తెగిపోతుంది. ఇక్కడొక నిజం చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. నా చెయ్యి ఆగిపోయింది. ప్రశంసాపత్రాల జాబితా వచ్చేవారం ఖరారవుతుంది. సీలు తెంపినవాడి పేరు అందులో ఉండదు. గోడకి అటువైపు ఒక పిల్ల తల పట్టుకుని మూలుగుతుంటే, నా కళ్ల ముందు కదిలింది షామియానా. థూ నీ బతుకు అనుకున్నాను. అనుకున్నా చెయ్యి కదల్లేదు.

తల తిప్పుకుంటే బల్ల మీద మూలకి దుమ్ముకొట్టుకుపోయిన స్పిరిటు దీపం కనిపించింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టీలు లేవు. మా గురువుగారు అప్పలాచారిగారు ప్రోటీను పరీక్ష దీపం మీదే నేర్పించారు. గాజు గొట్టంలో మూత్రం పోసి పైభాగం మరిగించాలి. మబ్బు కమ్మినట్టయితే రెండు చుక్కలు వెనిగరులాంటి ఆమ్లం వెయ్యాలి. మబ్బు విడిపోతే ఏమీ లేనట్టు, విడకపోతే ప్రోటీను ఉన్నట్టు. ఐదు నిమిషాల పని. కరెంటూ వద్దు, సీలూ వద్దు. ఆరువారాలుగా ఆ దీపం పక్కనే టిఫిన్ డబ్బా పెట్టుకుంటున్నాను, ఒక్కసారైనా తట్టలేదు. ఇరవై ఏడేళ్ల అనుభవమట నాకు, తగలెయ్య!

డ్రెస్సింగు గదిలోంచి స్పిరిటు తెచ్చి దీపం వెలిగించాను. మరిడమ్మ కోడలి మూత్రం పట్టిన గాజు గొట్టం తెచ్చి ఇచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"ఏటి బాబూ, కాసేత్తన్నారా?"

"కాచి చూస్తే తెలుస్తుందమ్మా."

కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. పైన తెల్లగా మబ్బు కమ్మింది. ఆమ్లం వేశాను. విడలేదు. ఇంకా చిక్కబడి, పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా దిగింది. కాగితం మీద నాలుగు ప్లస్సులు, అంతకు మించి లేవు, వేసి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తడం కూడా చాలా ఏళ్లయింది. ఆవిడ కాగితం చూసి, నా మొహం చూసి, సూది తీశారు. గడి నింపారు, ఫారం కదిలింది. ఇరవై నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. రెండోరోజు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డని తీశారట. ఆడపిల్ల, కేజీ ఎనిమిది వందలు. తల్లీ బిడ్డా క్షేమం. ఆ కబురు విని నేను ల్యాబు తలుపేసుకుని ఏడ్చాను.

కానీ నేను నేనే కదా. నాగవేణిని పంపించిన సాయంత్రమే ఉత్పత్తి నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాసేశాను: "ఉత్పత్తి శూన్యం. ఇంధన వినియోగం పది మిల్లీలీటర్లు. మరిగించడమైనది."

ఆగస్టు పదో తేదీన ఎర్రసిరా సంతకంతో మెమో దిగింది. "పర్యావరణహిత విద్యుత్ కేంద్రమునందు అనుమతి లేకుండ నిప్పు వెలిగించి, స్వకీయ ద్రవ ఇంధనమును మరిగించి వృథా గావించినందులకు, కాలం చెల్లిన పద్ధతిని పునరుద్ధరించినందులకు, మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. సంజాయిషీతో పాటు ఈ మెమో అసలు ప్రతిని విధిగా జతపరచి వాపసు చేయవలెను."

పన్నెండో తేదీన ఇంకో కాగితం. నాకు ప్రశంసాపత్రం మంజూరైంది. "ఒక్క విద్యుత్ ప్రమాదమునకైనను తావీయక రెండు వేల జనరేటర్లను సమర్థవంతముగా నిర్వహించినందులకు." రెండింటి మీదా చక్రధరరావుగారి సంతకమే.

వెళ్లకూడదు. వెళ్లాను. కొత్త తెల్లచొక్కా కుట్టించుకుని మరీ వెళ్లాను. సుభాషిణి పట్టుచీర కట్టింది. షామియానా వెనకాల మా డీజిల్ జనరేటరు దగ్గుతూ నడుస్తోంది. నాలుగు దగ్గులకొకసారి ఆగి ఊపిరి పీల్చుకోవడం దాని అలవాటు, దూరంనుంచే గుర్తుపట్టాను. దాని కరెంటుతో నడిచే మైకులో "వాసిరెడ్డి భాస్కర్" అని పిలిచారు. నేనేననుకుని వెళ్లి తీసుకున్నాను. ఇప్పుడది మా హాల్లో ఉంది, పైన ట్యూబులైటు. బావమరిది వచ్చిన రోజు కరెంటు లేదు.

పంద్రాగస్టు మర్నాడు మరిడమ్మ, నాగవేణి పిల్లని ఎత్తుకుని ల్యాబుకొచ్చారు. పిల్ల పిడికిలి బిగించి నిద్రపోతోంది. మార్కండేయులుగారికి చూపిద్దామని తెచ్చిన ప్రశంసాపత్రం, దాని పక్కన మెమో, రెండూ బల్ల మీద ఉన్నాయి. మరిడమ్మకి చదువు రాదు. రెండు కాగితాలనీ పరకాయించి చూసింది.

"ఊళ్లో అనుకుంటన్నారు బాబూ, మీకు గవర్మెంటోళ్లు కాయితం ఇచ్చారంట గదా. మా నాగేణిని కాపాడినందుకు ఇచ్చింది ఇందులో ఏది బాబూ?"

బంగారు అంచున్న కాగితం వైపు వెళ్లబోయిన నా వేలిని నేనే ఆపాను. మెమో చూపించాను. "ఇదేనమ్మా."

ఆవిడ దాన్ని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది. కోడలికిచ్చింది. నాగవేణి పిల్ల పిడికిలికి దాన్ని ఒక్కసారి ఆనించి నాకు తిరిగిచ్చింది.

"మరి దీనికి అద్దం కట్టించలేదేటి బాబూ?" అంది మరిడమ్మ.

కట్టించాను. స్పిరిటు దీపానికి పైన, ల్యాబు గోడకి తగిలించాను. జిల్లా ఆఫీసు నుంచి మూడు రిమైండర్లు వచ్చాయి, సంజాయిషీ ఏదని. రాయడం నాకు రాక కాదు. రాస్తే అసలు ప్రతి వాపసు పంపాలి.